ఏర్పేడు పరిసర దర్శనీయ స్థలాలు

ఏర్పేడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము, తిరుపతి జిల్లాలోని ఒక మండల కేంద్రము. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడేవరకు ఇది చిత్తూరు జిల్లాలో ఉండేది. తిరుపతి నుండి శ్రీకాళహస్తికి వెళ్ళే మార్గంలో ఉన్నందున ప్రతిరోజూ వేలాది యాత్రికులు ఈ ఊరి మీదుగా ప్రయాణిస్తారు. అయితే వారిలో ఇక్కడ దిగేవారు బహు తక్కువ. రెండు పెద్ద క్షేత్రాల నడుమనున్న ఈ పల్లెసీమలో, భారతదేశంలో లభించిన అతి ప్రాచీన శివలింగాలలో ఒకటి, పూసల తయారీలో ఒక ప్రాచీన పద్ధతిని కాపాడుకొంటూ వచ్చిన గ్రామము, ఇరవయ్యవ శతాబ్దపు ఒక ప్రముఖ ఆశ్రమము ఉన్నాయి.

గుడిమల్లం

ఏర్పేడు మండలంలో, స్వర్ణముఖి నదికి సమీపంలో ఉన్న చిన్న గ్రామము గుడిమల్లం. ఇక్కడి పరశురామేశ్వరాలయంలోని మూలవిరాట్టు దేశంలో మరెక్కడా కానరాని రూపంలో ఉన్నది. సుమారు ఐదు అడుగుల ఎత్తున్న ఈ లింగాన్ని ముదురు గోధుమ రంగులో నున్నగా మెరిసే గట్టిరాతితో చెక్కారు. తరువాతి కాలపు లింగాలవలె ఇది కేవల సంకేతరూపము కాదు. పురుషాంగమును ఉన్నది ఉన్నట్లుగా పోలి ఉంటుంది. దాని ముందుభాగాన, అదే రాతిలో, నిలుచున్న శివుని మూర్తి మలచబడి ఉన్నది.

శివుడు ఒక యక్షుని భుజాలపై నిలబడి ఉంటాడు. కుడిచేత ఒక పొట్టేలును వెనుకకాళ్ళు పట్టుకొని తలక్రిందులుగా వ్రేలాడదీసి, ఎడమచేత చిన్న పాత్రను ధరించి ఉంటాడు. ఎడమ భుజానికి ఆనించి గండ్రగొడ్డలి, అనగా పరశువు, ఉన్నది. తలపై జటాభారము, చెవులకు కుండలాలు, చేతులకు కంకణాలు కలవు. నడుముకు కట్టిన వస్త్రము ఎంత పలుచగా చెక్కబడిందంటే, దాని వెనుకనున్న శరీరము స్పష్టంగా కనబడుతుంది. పిమ్మటి శివమూర్తులలో తప్పనిసరిగా కనిపించే యజ్ఞోపవీతము ఇందులో లేదు. పాదాల క్రింది యక్షుడు బాధతో నలుగుతున్నట్లు కాక, నోరు తెరచి నవ్వుతున్నట్లుండుట గమనించదగిన విషయము. నటరాజ మూర్తి పాదాల క్రింద పడియుండే అపస్మారునికీ ఇతనికీ పోలిక ఉన్నా, భావము వేరు.

పొట్టేలు, గొడ్డలి, పాత్ర ఈ మూడింటినీ చూచి, ఇది వేటగాని రూపమా, పశుపాలకుల దేవుని రూపమా, వేదాలలోని రుద్రాగ్నుల రూపమా అని పండితులు పలువిధాలుగా ఊహించారు. ఏ ఒక్క ఊహా తక్కినవాటిని పూర్తిగా త్రోసివేయలేకపోయింది.

వెలుగులోకి వచ్చిన తీరు

ఈ లింగాన్ని పండితలోకానికి తెలిపినవాడు పురాతత్వవేత్త టి.ఎ. గోపీనాథరావు. ఆయన 1911లో దీనిని పరిశీలించి, 1916లో వెలువడిన తన హిందూ ప్రతిమాశాస్త్ర గ్రంథపు రెండవ సంపుటంలో వివరంగా వర్ణించాడు. చిత్తూరు జిల్లా ఏర్పడినది కూడా ఆ 1911లోనే. అయితే గుడిమల్లం వాసులకు ఇది "కనుగొనబడిన" వస్తువు కాదు. వారు తరతరాలుగా పూజిస్తున్న స్వామి. 1954లో ఆలయము భారత పురావస్తు సర్వేక్షణ శాఖ రక్షణలోకి వచ్చింది.

1973లో ఐ.కె. శర్మ ఆధ్వర్యంలో గర్భగుడిలోనే త్రవ్వకాలు జరిగాయి. నేల క్రింద, లింగాన్ని చుట్టి చతురస్రాకారంలో ఒక రాతి కంచె బయటపడింది. సాంచి, భర్హుత్ స్తూపాల చుట్టూ కనిపించే కంచెలను ఇది గుర్తుకు తెస్తుంది. నలుపు-ఎరుపు మట్టిపాత్రల పెంకులు, శాతవాహన కాలపు పెద్ద ఇటుకలు కూడా దొరికాయి. వీటినిబట్టి, తొలుత ఈ లింగము పైకప్పు లేకుండా ఆరుబయట కంచె మధ్య పూజలందుకొన్నదనీ, ఆ తరువాత ఇటుకల గుడి, దానిపిమ్మట రాతిగుడి వెలిశాయనీ నిర్ణయించారు. అనగా గుడి కొరకు లింగము కాదు, లింగము చుట్టూ గుడి పెరిగినది.

కాలనిర్ణయము

లింగము ఎప్పటిదన్న విషయంలో ఏకాభిప్రాయము లేదు. గోపీనాథరావు దీనిని భర్హుత్ శిల్పాలతో పోల్చి క్రీ.పూ. రెండవ లేదా మొదటి శతాబ్దానిదిగా భావించాడు. త్రవ్వకాల ఫలితాలు ఈ అభిప్రాయానికి బలాన్నిచ్చాయి. క్రీ.పూ. మూడవ శతాబ్దము వరకు వెనుకకు తీసుకొనిపోయినవారూ, క్రీ.శ. తొలి శతాబ్దాలకు ముందుకు జరిపినవారూ ఉన్నారు. ఇందుకు ముఖ్యకారణము లింగముపై ఒక్క అక్షరమైనా లేకపోవడం, పోల్చి చూచుటకు దక్షిణభారతంలో ఆ కాలపు శైవశిల్పము దాదాపుగా దొరకకపోవడం. కొన్ని వెబ్‌సైట్లలోనూ, పర్యాటక కరపత్రాలలోనూ "ప్రపంచంలోనే మొట్టమొదటి శివలింగము" అని నిశ్చయంగా వ్రాస్తున్నారు. లభించినవాటిలో అతి ప్రాచీనమైనవాటిలో ఒకటి అనుటయే సబబు.

ఆలయము, శాసనాలు

ఆలయము తూర్పుముఖంగా ఉన్నది. గర్భగుడి వెనుకభాగము అర్ధవృత్తాకారంలో ఉంటుంది. ఏనుగు వెనుకభాగాన్ని పోలి ఉండే ఈ నిర్మాణాన్ని గజపృష్ఠాకారమంటారు. ముఖమండపము, అంతరాళముల కంటె గర్భగుడి నేల పల్లంలో ఉండుటచేత స్వామిని కొంత క్రిందికి చూడవలసి వస్తుంది. ప్రాంగణంలో ఆనందవల్లి అమ్మవారికి, వల్లీ దేవసేనా సమేత సుబ్రహ్మణ్యునికి, సూర్యునికి ఉపాలయాలు కలవు.

గోడలపై పల్లవ, బాణ, చోళరాజుల కాలపు శాసనాలున్నాయి. విక్రమచోళుని తొమ్మిదవ పాలనా సంవత్సరపు (సుమారు 1126) శాసనము ఆలయాన్ని రాతితో పునర్నిర్మించిన సంగతి తెలుపుతుంది. శాసనాలలో గ్రామము పేరు తిరువిప్పిరంబేడు. పరశురామేశ్వరుడన్న పేరు మాత్రము వాటిలో కానరాదు. బహుశా మూర్తి భుజాననున్న పరశువే తరువాతి కాలంలో పరశురామ కథకు దారి తీసి ఉండవచ్చును.

స్థలపురాణము ప్రకారము తల్లి రేణుకను వధించిన పాపపరిహారానికై పరశురాముడు ఇక్కడ శివుని అర్చించాడు. పూజకు ఒక చెరువులో దినమునకొక్కటే పువ్వు పూసేది. దానికి కాపలాగా పరశురాముడు చిత్రసేనుడను యక్షుని నియమించాడు. ఒకనాడు యక్షుడు ఆ పువ్వుతో తానే స్వామిని పూజించగా ఇద్దరికీ పోరు జరిగింది. చివరకు శివుడు ఇద్దరినీ తనలో ఐక్యము చేసుకొన్నాడు. ఈ కథలో యక్షుని బ్రహ్మ అంశగా, పరశురాముని విష్ణువు అంశగా భావించి, లింగాన్ని త్రిమూర్తి స్వరూపంగా కొలుస్తారు.

అరవై సంవత్సరాలకొకసారి భూగర్భజలము పైకి వచ్చి లింగాన్ని అభిషేకిస్తుందని స్థానికుల నమ్మకము. 2005 డిసెంబరులో అలా జరిగిందని చెబుతారు. గర్భగుడి పల్లంలో ఉండుట, నది దగ్గరలో ఉండుట, అది ఈశాన్య ఋతుపవనాలు భారీగా వర్షించే కాలమగుట ఇక్కడ గుర్తుంచుకోదగినవి.

పాపానాయుడుపేట

గుడిమల్లం వెళ్ళే దారిలోని పాపానాయుడుపేట గాజుపూసలకు పేరుపొందినది. కరగిన గాజుముద్దను ఇనుపగొట్టముపై శంకువు ఆకారంలో పేర్చి, లోపల బోలు ఉండునట్లు చేసి, కొలిమిలో ఉంచుతారు. రెండవవైపున కూర్చున్న పనివాడు దానికొనను పట్టి సన్నని గొట్టముగా చేతితో గంటల తరబడి ఎడతెగక లాగుతాడు. గొట్టాన్ని చిన్నచిన్న ముక్కలుగా నరికి, బూడిదలో కలిపి మరల వేడిచేస్తారు. బూడిద రంధ్రాలు పూడిపోకుండా కాపాడుతుంది. వేడికి అంచులు గుండ్రబడతాయి.

పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో రెండువేల యేండ్ల నాడు ఇటువంటి పూసలే తయారయ్యేవి. ఆగ్నేయాసియా నుండి ఆఫ్రికా తూర్పుతీరము వరకు ఇవి దొరికినందున అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ వీటికి ఇండో-పసిఫిక్ పూసలని పేరుపెట్టాడు. ప్రాచీన కార్మికులు పూసలు ఎలా చేసి ఉంటారన్న ప్రశ్నకు ఆయనకు సమాధానము దొరికినది పాపానాయుడుపేట కొలిమిల వద్దనే. త్రవ్వకాలలో గాజుముక్కలే తప్ప చేతిపని దొరకదు కదా! కొలిమి వేడిలో గంటలకొద్దీ కూర్చుని చేయవలసిన ఈ పని తరువాతి తరానికి అందకపోతే, మ్యూజియాలలోని ఆ పూసల తయారీని కంటితో చూచే అవకాశము పోతుంది.

వ్యాసాశ్రమము

ఏర్పేడు వద్ద వ్యాసాశ్రమాన్ని 1926లో మలయాళస్వామి స్థాపించాడు. కేరళలో జన్మించిన ఈయన నారాయణగురు శిష్యపరంపరకు చెందినవాడు. తిరుమల కొండపై గోగర్భం వద్ద చాలాకాలము తపస్సు చేసి, ఆ తరువాత ఇక్కడ ఆశ్రమము నెలకొల్పాడు. వేదాంతమును, సంస్కృతమును కులభేదము లేకుండా, స్త్రీలకు సైతము బోధించుట ఆ రోజులలో సాహసమే. 1962లో ఆయన సిద్ధిపొందాడు.

స్వర్ణముఖి నది

సంవత్సరంలో అధికభాగము స్వర్ణముఖిలో నీరు ఉండదు. వెడల్పైన ఇసుకమేట మాత్రమే కనిపిస్తుంది. ఆ ఇసుక క్రింది నీరే తీరగ్రామాల బావులకు ఆధారము. అందుచేత ఇసుక త్రవ్వకము ఇక్కడ తీవ్రమైన వివాదము. 2017 ఏప్రిల్ 21న అక్రమ ఇసుక త్రవ్వకాలపై ఫిర్యాదు చేయుటకు మునగలపాలెం రైతులు ఏర్పేడు పోలీసు స్టేషను వద్దకు రాగా, అదుపుతప్పిన లారీ జనంపైకి దూసుకువచ్చి కనీసం పదిహేను మంది మరణించారు. నదీతీరాన విహరించే సందర్శకుడు లోతైన ఇసుకగుంటలు కనబడితే వాటికి దూరంగా ఉండవలెను. వర్షాకాలంలో వరద ఆకస్మికంగా వస్తుంది.

సందర్శకులకు సూచనలు

గుడిమల్లానికి రేణిగుంట నుండి గాని, ఏర్పేడు నుండి గాని పాపానాయుడుపేట మీదుగా చేరవచ్చును. ఏర్పేడు రైల్వేస్టేషను రేణిగుంట-గూడూరు మార్గంలో కలదు. రేణిగుంట పెద్ద జంక్షను, విమానాశ్రయము కూడా అక్కడే. గ్రామానికి బస్సులు తక్కువ కనుక ఆటో మాట్లాడుకొనుట మేలు. తిరుగు ప్రయాణానికి కూడా ముందే మాట్లాడుకోవలెను.

ఉదయము వెళ్ళుట మంచిది. తూర్పుముఖ ఆలయము గనుక అప్పటి వెలుతురులో లింగంపైని శిల్పము బాగుగా తెలుస్తుంది. అభిషేకము, అలంకరణ జరిగిన తరువాత వస్త్రాలు, పూలదండలు మూర్తిని కప్పివేస్తాయి. శిల్పాన్ని చూడగోరేవారు అలంకరణకు ముందు దర్శనము సాధ్యమేమో అర్చకులను మర్యాదగా అడగవలెను. ఇది పూజలందుకొంటున్న గుడి అన్నది మరువరాదు. అడగకుండా ఫొటోలు తీయరాదు. రక్షిత కట్టడము చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు చట్టరీత్యా నిషిద్ధము. ఆపై 200 మీటర్లలో అనుమతి అవసరము. మూర్తిని తీరికగా పరిశీలింపదలచినవారికై చంద్రగిరి రాజమహల్ మ్యూజియంలో దీని నమూనా ఉన్నది.

సమయమున్నవారు అక్కడినుండి శ్రీకాళహస్తికి వెళ్ళవచ్చును. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన అక్కడి రాజగోపురము 2010 మే 26న కూలిపోగా, దాని స్థానంలో నిర్మించిన కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకము జరిగింది.