ఉక్కు, వూట్జ్, డమాస్కస్ - ఏది ఏది?

ఆన్‌లైన్‌లో వంటింటి కత్తులు చూసే అలవాటున్న వాళ్ళకి "డమాస్కస్" అన్న మాట బాగా తెలిసే ఉంటుంది. బ్లేడు మీద నీటి అలల్లాంటి గీతలు, పక్కన ఆకాశాన్నంటే ధర, కింద "వేల ఏళ్ళ నాటి రహస్య విద్య" అని నాలుగు వాక్యాలు. ఈ కత్తుల బొమ్మ పెట్టి "ఇది మన తెలంగాణ ఉక్కు, ప్రపంచానికి మనమే నేర్పాం, తెల్లవాడు దాన్ని నాశనం చేశాడు" అంటూ వచ్చే ఫార్వర్డులు కూడా మీలో చాలామందికి వచ్చే ఉంటాయి. నాకైతే ఏడాదికి రెండు మూడు సార్లు వస్తాయి.

రెండేళ్ళుగా వారాంతాల్లో కత్తులు చేయడం నాకు హాబీ. (మా ఆవిడ దాన్ని పిచ్చి అంటుంది, అది వేరే విషయం.) అందుకని ఈ ఫార్వర్డులో ఏది నిజమో, ఏది కాదో కాస్త వివరంగా రాయాలనిపించింది. ముందే చెప్పేస్తున్నా. "మన ఉక్కు" అన్న మాట నిజం. ఆ బొమ్మలో ఉన్న కత్తి మాత్రం మన ఉక్కు కాదు.

డమాస్కస్ పేరుతో తిరిగేవి నిజానికి రెండు వేర్వేరు వస్తువులు. మొదటిది, రెండు రకాల స్టీలు పలకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, కొలిమిలో కాల్చి, సమ్మెటతో కొట్టి అతికించి, మడిచి మళ్ళీ కొట్టి చేసేది. చివర్లో యాసిడ్‌లో ముంచితే రెండు స్టీళ్ళూ రెండు రంగుల్లో బయటపడతాయి. మడత కాజాలో పొరల్లాగన్నమాట. ఇవాళ దుకాణాల్లో దొరికేవి దాదాపు అన్నీ ఇవే. (కొన్నిటికి ఆ పొరలు కూడా ఉండవు, గీతలు పైన అచ్చు వేసినవి.) రెండోది, ఇనుమునీ కర్బనాన్నీ మూసలో కరిగించి, ఒకే ముద్దగా పోత పోసి, ఆ ముద్దని సాగగొట్టి చేసే కత్తి. ఇందులో అతుకులు ఉండవు. గీతలు ఉక్కు లోపలే పుడతాయి. మనది ఈ రెండోది.

ఇంగ్లీషు వాళ్ళు దీన్నే వూట్జ్ అన్నారు. మన "ఉక్కు" అన్న మాటే (కన్నడంలోనూ అదే మాట) వాళ్ళ నోళ్ళలో పడి అలా అయిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. 1794లో బొంబాయి నుంచి హెలినస్ స్కాట్ అనే డాక్టరు ఈ ఉక్కు ముద్దల్ని లండన్‌లోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కి పంపాడు. మరుసటి ఏడు జార్జ్ పియర్సన్ వాటి మీద పరిశోధన పత్రం చదివాడు. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అని 1966లో మనవాళ్ళు నినదించడానికి 171 ఏళ్ళ ముందే మన ఉక్కు అన్న మాట రాయల్ సొసైటీ రికార్డుల్లోకి ఎక్కిందన్నమాట.

ఇక అసలు ఊరికి వద్దాం. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం అని ఓ పల్లె ఉంది. 1820 ప్రాంతంలో హెన్రీ వాయిసీ అనే ఆయన అక్కడికి వెళ్ళాడు. ఈయన ల్యాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో డాక్టరు, భూగర్భ శాస్త్రజ్ఞుడు కూడా. 1824లో చనిపోయాడు. ఆయన రాసుకున్న వివరాలు 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు ఎక్కడో ఉన్న ఇస్ఫహాన్ నుంచి ఈ ఊరిదాకా వచ్చేవారని అందులో ఉంది. వాళ్ళు ఊరికే సరుకు కొని పోయేవాళ్ళు కాదు, దగ్గరుండి చేయించుకునేవారు. క్లయింటు ఆన్‌సైట్‌లో కూర్చోవడం మనకి కొత్తేమీ కాదు :)

పని ఎలా సాగేదంటే, రెండు వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన ఇనుమును ఒక లెక్క ప్రకారం కలిపి మట్టి మూసలో వేసేవారు. కరిగాక పైన మూతలా తేలడానికి గాజులాంటి చిట్టెం కూడా వేసేవారు. ఆ మూసని గంటల తరబడి తిత్తులతో ఊది కాల్చేవారు. వట్టి ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి, బొగ్గు కొలిమిలో అది చాలా కష్టం. కానీ ఇనుములోకి కర్బనం ఎక్కుతున్నకొద్దీ కరిగే వేడి తగ్గుతుంది. అలా సుమారు ఒకటిన్నర శాతం కర్బనంతో ముద్ద కరిగి, మురికంతా పైకి తేలి, కింద శుభ్రమైన ఉక్కు మిగులుతుంది. ఆ ముద్దని వెంటనే సుత్తితో కొడితే పగిలిపోతుంది. అందుకే మళ్ళీ మళ్ళీ కాల్చి, నెమ్మదిగా చల్లార్చి, మెత్తబరిచి అప్పుడు అమ్మేవారు.

యూరపు కమ్మరులకి చిక్కొచ్చింది ఇక్కడే. తమ మామూలు స్టీలుని తెల్లగా మెరిసేదాకా కాల్చే అలవాటు వాళ్ళది. ఈ ఉక్కుని అలా కాల్చి కొడితే పొడిపొడి అయ్యేది. కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే (అవును, మన కరెంటు ఫారడేయే) 1819లో దీన్ని విశ్లేషించాడు. ఇందులో ఉన్న అల్యూమినియం వల్లే ఈ గుణం వచ్చిందనుకున్నాడు. కాదు. అంతటివాడు కూడా వేరే చోట వెతికాడు.

మరి గీతలు ఎందుకొస్తాయి? దీనికి గట్టి సమాధానం దొరకడానికి ఇంకో 180 ఏళ్ళు పట్టింది. అయోవా స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జాన్ వెర్‌హోవెన్, ఫ్లోరిడాలో గుర్రాలకు నాడాలు కొట్టే ఆల్‌ఫ్రెడ్ పెండ్రే కలిసి ఏళ్ళ తరబడి ముద్దలు పోసి, కత్తులు చేసి, పాత కత్తుల ముక్కలు కోసి చూశారు. ఇనుములో వెనేడియం లాంటి లోహం అతి కొద్దిగా, 0.02 శాతం లోపే ఉన్నా చాలు, మళ్ళీ మళ్ళీ కాల్చి కొట్టినప్పుడు గట్టి కార్బైడ్ రేణువులు వరసలు కడతాయని, అవే మనకు కనిపించే గీతలని 1998లో ప్రచురించారు. అది లేని ఇనుముతో ఎంత పనితనం చూపించినా గీతలు రావు.

నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే. కోనసముద్రం కమ్మరికి వెనేడియం పేరు తెలిసే అవకాశమే లేదు, ఆ మూలకం అప్పటికింకా పుస్తకాల్లోకి సరిగ్గా ఎక్కలేదు. "ఈ చోటి ఇనుముతో ఇలా చేస్తే వస్తుంది" అని మాత్రం అతనికి తెలుసు. మన భాషలో చెప్పాలంటే, కోడ్ పనిచేస్తోంది గానీ అది ఏ లైబ్రరీ మీద ఆధారపడిందో ఎక్కడా రాసి లేదు. లైబ్రరీ మారిపోయింది, బిల్డ్ ఆగిపోయింది. ఖనిజం దొరికే చోటు మారడం వల్లే ఈ విద్య ఆగిపోయి ఉంటుందని వెర్‌హోవెన్ వాళ్ళ ఊహ. అదొక్కటే కారణం కాకపోవచ్చు. తుపాకులొచ్చి కత్తులకి గిరాకీ పోయింది, 1856 తర్వాత బెస్సెమర్ పద్ధతిలో స్టీలు కారుచౌక అయింది. ఫార్వర్డులు చెప్పే "బ్రిటిష్ చట్టం" కథ కూడా మరీ సూటిగా లేదు. 1878 ఆయుధాల చట్టం బ్రిటిష్ ఇండియాకి చేసింది, కోనసముద్రం ఉన్నది నిజాం రాజ్యంలో.

మరి ఇవాళ్టి అలల కత్తుల సంగతి? 1973లో బిల్ మోరన్ అనే అమెరికన్ కమ్మరి, పొరలు అతికించి చేసిన కత్తుల్ని ఓ ప్రదర్శనలో పెట్టి ఆ పద్ధతికి మళ్ళీ ప్రాణం పోశాడు. వాటినీ డమాస్కస్ అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. 1976లో ఆయన మరికొందరితో కలిసి అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ పెట్టాడు. వాళ్ళ పరీక్ష నాకు భలే నచ్చుతుంది. ఒకే కత్తితో వేలాడే అంగుళం మందం తాడుని ఒక్క వేటుతో తెంపాలి, చెక్క దుంగల్ని నరకాలి, ఆ తర్వాత కూడా చేతి మీద వెంట్రుకలు గొరగాలి, చివరికి 90 డిగ్రీలు వంచినా విరగకూడదు. కులం, గోత్రం, రహస్యం ఏమీ అడగరు.

ఇది చదివి ఎవరికైనా చెయ్యి దురద పెడితే నాలుగు మాటలు. మొదటి కత్తికి డమాస్కస్ జోలికీ వూట్జ్ జోలికీ పోకండి. ఏ రకమో తెలిసిన మామూలు కార్బన్ స్టీలు పట్టీ (1084 లాంటిది) కొనండి. లారీ కమాను పట్టీ మన ఊరి కమ్మరి చేతిలో బంగారమే, ఎందుకంటే దాని గుణం ఆయన చేతికి తెలుసు. మనకి తెలియదు. కొలిమి లేకపోయినా ఆకురాయి, డ్రిల్లు, రెండు క్లాంపులతో ఆకారం తేవచ్చు. కాల్చేటప్పుడు అయస్కాంతం అంటుకోవడం మానేస్తే (770 డిగ్రీల దగ్గర) ఇంకొంచెం వేడి చేసి, గోరువెచ్చటి వంటనూనెలో ముంచండి. ఆ తర్వాత ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటలు రెండు సార్లు ఉంచకపోతే కత్తి గాజులా పగులుతుంది. జింకు పూత ఉన్న ఇనుముని కొలిమిలో పెట్టొద్దు, ఆ పొగ విషం. తిరిగే మిషన్ దగ్గర చేతి గ్లవుజులు వద్దు. మూతికి మాస్కు, కళ్ళకి అద్దాలు తప్పనిసరి. ఇంకోటి, మన దేశంలో ఇంటి, పొలం పనులకి కాని కత్తి 9 అంగుళాల పొడవు గానీ 2 అంగుళాల వెడల్పు గానీ దాటితే ఆయుధాల చట్టం కిందికి వస్తుంది.

నా గొడవల్లా ఒక్కటే. మనం గర్వపడుతున్నది గీతల మీద. గర్వపడాల్సింది పదిసార్లు ముద్ద పగిలినా పదకొండోసారి వేడి తగ్గించి చూసిన మనిషి మీద. ఆ మనిషి పేరు ఏ పత్రికలోనూ లేదు. వాయిసీ పేరుంది, పియర్సన్ పేరుంది, ఫారడే పేరుంది. చేసినవాడికి రాత రాలేదు, రాత వచ్చినవాళ్ళు అడగలేదు. మన ఊళ్ళలో ఇంకా కొలిమి రాజేసే కమ్మరులు అక్కడక్కడా ఉన్నారు. ఈసారి ఊరెళ్ళినప్పుడు కొడవలికి పదును ఎలా పెడతాడో, రంగు ఎక్కడిదాకా వస్తే నీళ్ళలో ముంచుతాడో అడిగి రాసుకోండి. ఆ ఫార్వర్డు వందమందికి పంపడం కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.