పంచదార నీళ్ళ సీసా

మన సంఘ సభ్యుల్లో పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళి ఐదారు నెలలు ఉండి వచ్చినవారు చాలామందే ఉన్నారు. అక్కడ పెరటి వసారా చూరుకు ఎర్రటి అడుగున్న సీసా ఒకటి తలక్రిందులుగా వ్రేలాడుతూ ఉండడం వారు చూసే ఉంటారు. బొటనవేలంత పిట్ట ఒకటి వచ్చి, గాలిలో ఒకేచోట నిలబడి, ముక్కు పెట్టి త్రాగి పోతుంది. అదే హమ్మింగ్ బర్డ్. ఆ సీసా చరిత్ర వ్రాయమని నన్నెవరూ అడగలేదు. అయితే దాని విషయంలో నేనొక పొరపాటు చేశాను. ఆ పొరపాటే నన్ను చరిత్ర దాకా తీసుకువెళ్ళింది.

ముందు పిట్ట సంగతి. ఇది ఉత్తర, దక్షిణ అమెరికాల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. మన మందారాల చుట్టూ తిరిగే తేనెపిట్ట వేరే కుటుంబం. తేనె త్రాగడంలోనే పోలిక. మొత్తం 360 దాకా జాతులున్నా, అమెరికా తూర్పు రాష్ట్రాల్లో గూడు కట్టేది మాత్రం ఒక్కటే. అందులో మగదానికి కంఠం కెంపులా మెరుస్తుంది. బరువు సుమారు 3 గ్రాములు. సెకనుకు 50 సార్లు రెక్కలాడిస్తుంది. చలికాలం ముందు దక్షిణానికి పోతూ, వీటిలో చాలా పిట్టలు మెక్సికో సింధుశాఖను, సుమారు 800 కిలోమీటర్లు, ఎక్కడా వాలకుండా దాటిపోతాయి. మూడు గ్రాముల ప్రాణి! మన మోకాళ్ళ నొప్పుల సంగతి దాని ముందు చెప్పుకోకూడదు.

మా అమ్మాయి ఉండేది నార్త్ కెరొలినాలో. నేను వెళ్ళిన ఏడు జూలైలో ఒకరోజు, అల్లుడూ అమ్మాయీ ఆఫీసులకు వెళ్ళాక, సీసా ఖాళీగా కనిపించింది. వట్టి పంచదార ఏం పెడతాం, కాస్త బలమైనది పెడదామనుకొని, తేనె, బెల్లం కలిపి పానకంలా కాచి పోశాను. రెండు రోజులు మండుటెండ. మూడోనాడు మనవరాలు సీసా వాసన చూసి, "తాతయ్యా, ఇది పులిసిపోయింది, పిట్టకి జబ్బు చేస్తుంది!" అని గబగబా పారబోసింది. లోపల నల్లగా బూజు. అంతవరకూ రోజుకు పది సార్లు వచ్చే మగపిట్ట ఆ రోజు రాలేదు. మరునాడూ రాలేదు. ఆ రెండు రాత్రులూ నాకు సరిగా నిద్ర పట్టలేదు. డెబ్బై ఏళ్ళు దాటినవాడిని, వేలెడంత పిట్టకు మంచి చేయబోయి దాని ప్రాణం తీశానా అన్న దిగులు.

ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగిరీ చేసినవాడిని. ఏ విషయమైనా పాత కాగితం చూస్తేగాని నాకు తృప్తి ఉండదు. అమ్మాయి నన్ను అక్కడి పబ్లిక్ లైబ్రరీలో దింపింది.

ఈ ఫైలులో నాకు దొరికిన పాత నోటు 1900 నాటిది. ఆ ఏడు బర్డ్ లోర్ అనే పత్రికలో, మసాచుసెట్స్‌లోని బ్రుక్‌లైన్‌కు చెందిన కరొలిన్ సౌల్ అనే ఆవిడ తన ప్రయోగాన్ని వ్రాసింది. దళసరి కాగితంతో బాకా ఆకారపు పువ్వు చేసి, రంగు వేసి, దానిలో చిన్న సీసా అమర్చి, పంచదార నీళ్ళు పోసి తీగకు కట్టింది. పిట్టలు వచ్చి త్రాగాయి. ఖర్చు దాదాపు సున్న. తర్వాత 1928లో మార్గరెట్ బోడైన్ అనే ఆవిడ తన సెలవులను ఈ పిట్టలతో గడిపిన వైనం నేషనల్ జియోగ్రాఫిక్‌లో ప్రకటించింది. దాన్ని చదివిన ఒక ఇల్లాలి కోసం ఆమె భర్త, బోస్టన్ వాసి లారెన్స్ వెబ్‌స్టర్, గాజు సీసా ఒకటి రూపొందించి, గాజు ఊదే పనివాడి చేత చేయించాడు. భార్య ముచ్చట తీర్చడానికి పుట్టిన వస్తువన్నమాట. అక్కడికే ఎమ్.ఐ.టి. ఆచార్యుడు హెరాల్డ్ ఎడ్జర్టన్ తన మెరుపు దీపాలతో వచ్చి, రెక్కలను కదలిక మధ్యలో ఫొటో తీశాడు. ఆ చిత్రాలు 1947లో అచ్చయ్యాక సీసా గురించి అందరూ ఆరా తీయడం మొదలుపెట్టారు. 1950లో అది అంగడి సరుకైంది.

పాళ్ళు కూడా వ్రాస్తున్నాను, అమెరికా వెళ్ళేవారికి పనికొస్తాయి. ఒక గ్లాసు తెల్ల పంచదారకు నాలుగు గ్లాసుల నీళ్ళు. కరిగించి, చల్లార్చి పోయాలి. ఆ పిట్టలు త్రాగే పూల మకరందంలో తీపి ఇంచుమించు ఇంతే. తేనె వద్దు, నీళ్ళు కలిపిన తేనె త్వరగా పులిసి బూజుకు ఇల్లవుతుంది. బెల్లం వద్దు, దానిలోని ఇనుము ఈ పిట్టలకు పడదట. ఎండాకాలంలో రెండు రోజులకొకసారి పారబోసి, సీసా కడిగి, కొత్తవి పోయాలి. ఎర్ర రంగు కలపనక్కరలేదు, సీసా మూతి ఎర్రగా ఉంటే చాలు. పూర్వం కలిపేవారు. తినే పదార్థాల్లో వాడే ఎర్ర రంగు ఒకదానిని 1976లో అక్కడి ప్రభుత్వమే నిషేధించింది. పురుగుల్నీ సాలీళ్ళనూ తిని పిట్ట తన మాంసకృత్తులు తానే చూసుకుంటుంది. కాబట్టి నేననుకున్న "బలం" దానికి మన సీసాలోంచి అక్కరలేదు.

పిట్ట గొట్టంతో పీల్చినట్టు త్రాగుతుందని నేననుకొనేవాణ్ణి. సన్నని గొట్టంలో నీరు తనంత తానే పైకెక్కినట్టు తేనె నాలుకలోకి ఎక్కుతుందని శాస్త్రజ్ఞులు నూరేళ్ళకు పైగా నమ్మారు. అది కాదనీ, చీలిన నాలుక కొసలు తేనెలో విచ్చుకొని, వెనక్కు తీసేటప్పుడు ముడుచుకొని దాన్ని పట్టుకుంటాయనీ 2011లో తేల్చారు. ఇంకో విశేషం. కాలిఫోర్నియాకు చెందిన అన్నా అనే జాతి, పెరటి సీసాలూ తోటల్లో నాటిన పూలూ ఆధారంగా ఉత్తరాన కెనడా దాకా విస్తరించింది. దాని ముక్కు పూర్వంకంటే పొడవుగా, కొస సన్నంగా మారిందని 2025లో ఒక పరిశోధన వెలువడింది. కాగితపు పువ్వు చేసిన ఆవిడ ఇది ఊహించి ఉండదు.

నాలుగోనాడు ఉదయం కాఫీ త్రాగుతుండగా సీసా దగ్గర రెక్కల చప్పుడైంది. కెంపు కంఠం పిట్టే. మునుపటిదో, దాని చోటు ఆక్రమించిన వేరొకటో చెప్పలేను. మనవరాలు మాత్రం అదేనంది. నేను వాదించలేదు. సెలవు ముగిసేదాకా సీసా కడిగే డ్యూటీ నాదే.

తిరిగి వచ్చాక మన పెరట్లో తేనెపిట్టలకూ అలాంటి సీసా కడదామా అని మా ఆవిడ అడిగింది. ఇంకొక మందార మొక్క తెచ్చి నాటాను.