పస్తులున్నా చావని టీబీ క్రిమి

మామూలు క్షయకు మందులు ఆరు నెలలు వాడాలి. చాలామందికి రెండు నెలలు తిరిగేసరికే దగ్గు తగ్గుతుంది, జ్వరం పోతుంది, ఒళ్లు తేరుకుంటుంది. అయినా మిగతా నాలుగు నెలలు మాత్రలు మింగాల్సిందే. ఎందుకన్నదానికి జవాబు చాలావరకు ఆ క్రిమి ఆకలిని తట్టుకునే తీరులో ఉంది.

ఊపిరితిత్తుల్లోకి చేరిన టీబీ బ్యాక్టీరియాను మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు మింగేస్తాయి. చాలా సూక్ష్మజీవుల కథ అక్కడితో ముగుస్తుంది. టీబీ క్రిమి మాత్రం ఆ కణంలోనే కాపురం పెడుతుంది. అప్పుడు శరీరం దాన్ని మాడ్చాలని చూస్తుంది. ఇనుము అందకుండా దాచేస్తుంది, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని విచ్ఛిన్నం చేస్తుంది. కణాల్లోపలే బతికే మరో బ్యాక్టీరియా క్లమీడియా మీద ఈ ఎత్తు సగమే పారుతుంది. ట్రిప్టోఫాన్ దొరకని క్లమీడియా విభజన ఆపి, ఉబ్బిన వింత రూపంలో ఉండిపోతుంది; అది మళ్లీ అందితే మామూలుగా పెరుగుతుంది. టీబీ క్రిమికి ఆ ఇబ్బంది కూడా లేదు, ట్రిప్టోఫాన్‌ను అదే తయారు చేసుకుంటుంది. ఆ తయారీని అడ్డుకుంటే అది రోగనిరోధక దాడికి లొంగుతుందని 2013లో వెలువడిన పరిశోధన చూపింది.

కణంలో దీని ముఖ్యమైన తిండి మన కొవ్వులు, కొలెస్ట్రాలే. కొవ్వుల మీద బతకడానికి కావలసిన ఐసోసిట్రేట్ లయేజ్ ఎంజైమును తొలగించిన క్రిములను ఎలుకలకు ఎక్కించినప్పుడు, అవి తొలి రోజుల్లో మామూలుగానే పెరిగాయి, తర్వాత నిలవలేకపోయాయి. 2000 నాటి ప్రయోగమిది. పెరగడం వేరు, మొండిగా నిలిచి ఉండటం వేరు అని అంత స్పష్టంగా చూపినవి తక్కువ.

ఏదీ దొరకకపోతే క్రిమి లోపల ఒక హెచ్చరిక అణువు పోగవుతుంది. ప్రొటీన్ల తయారీ మందగిస్తుంది, శ్వాసక్రియ తగ్గుతుంది, విభజన ఆగుతుంది. పోషకాలేవీ లేని ఉప్పు ద్రావణంలో ఆరు వారాలు ఉంచినా ఇది బతికే ఉంది. చిక్కంతా ఇక్కడే. ఐసోనియజిడ్ కణకవచం నిర్మాణాన్ని దెబ్బతీస్తుంది; గోడ కట్టడమే మానేసిన క్రిమిని అదేం చేస్తుంది? ఇలా తప్పించుకోవడాన్ని మందులకు లొంగని టీబీతో కలపకూడదు. ఇక్కడ జన్యువులేమీ మారవు, నిద్ర లేచిన క్రిమి మళ్లీ అదే మందుకు చస్తుంది. మందగించిన క్రిముల మీద పైరజినమైడ్ బాగా పనిచేస్తుంది. అది చేరాకే తొమ్మిది నెలల చికిత్స ఆరుకు తగ్గింది.

క్రిమి పస్తు దాన్ని నిద్రపుచ్చితే, మనిషి పస్తు దాన్ని లేపుతుంది. పోషణ లేని ఒంట్లో కాపలా కణాలు బలహీనపడతాయి. ఈ సంగతి మన దేశంలో చాలాకాలం వెనకబడటానికి ఒక మంచి పరిశోధనే కొంత కారణం. ఇంట్లో ఉండి మందులు వాడినవారు, తిండి అంతంతమాత్రమే అయినా, శానిటోరియం రోగులతో సమానంగా కోలుకున్నారని 1959లో మద్రాసు అధ్యయనం తేల్చింది. అది చికిత్స గురించిన ఫలితం. జబ్బు రాకుండా ఉండటం గురించి అది చెప్పిందేమీ లేదు. తిండితో పెద్దగా పనిలేదన్నట్టు దాన్ని చదివినవాళ్లే ఎక్కువ.

ఆ రెండో ప్రశ్నకు జవాబు జార్ఖండ్ నుంచి వచ్చింది. అనురాగ్ భార్గవ, మాధవి భార్గవల బృందం నాలుగు జిల్లాల్లో టీబీ రోగుల ఇళ్లలోని వారికి మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చింది. అవి అందని కుటుంబాలతో పోలిస్తే వీరిలో టీబీ 39 శాతం, ఇతరులకు సోకే రకం 48 శాతం తక్కువగా కనిపించింది. 2023లో లాన్సెట్ పత్రికల్లో ఈ ఫలితాలు వచ్చాయి. ని-క్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి రోగికి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. ఆ డబ్బు రోగి ఖాతాలోకే వెళ్తుంది. అదే ఇంట్లో ఉండే మిగతా వారి ఆహార కిట్లకు మాత్రం దాతలే దిక్కు.