బీచ్‌లో థింసా, సముద్రం అవతల మల్లుదొర

మొన్న విశాఖ ఆర్కే బీచ్‌లో మా హాస్టల్ వాళ్లం థింసా వీడియో తీశాం. గాలి హోరుకి ఫోన్‌లో డప్పు పడనేలేదు, రూమ్‌కొచ్చి మళ్లీ రికార్డ్ చేశాం. "కొండోళ్లకి సముద్రంతో ఏం పని?" అని ఒకాయన నవ్వాడు. అప్పుడు జవాబు తట్టలేదు.

అడవి చట్టాలు, కూలి సరిగా ఇవ్వని రోడ్డు పనులు భరించలేక మనవాళ్లు అల్లూరి సీతారామరాజు వెంట నడిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకెళ్లారు. ఆ పోరులో గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ములు ముందున్నారు. గంటందొర 1924లో కాల్పుల్లో చనిపోయారు. మల్లుదొరని ఇదే బంగాళాఖాతం దాటించి అండమాన్ జైల్లో వేశారు. ఆయన తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచే లోక్‌సభకి గెలిచారు!

ఇంటర్ దాకా నేను ఆ పేరే వినలేదు. వీడియో ఇంకా పెట్టలేదు. చివర్లో ఉత్త అలలే ఉన్న షాట్ ఒకటుంది, దాని మీద ఆయన పేరు వేస్తున్నాం.