బడ్జ్ బడ్జ్ కాల్పులు, 1914

బ్రిటిష్ పాలకులను భయపెట్టేందుకు సాగిన బాంబుదాడులు, హత్యల చరిత్ర బెంగాల్ ప్రాంతంలో 1908 ఏప్రిల్ 30 నాటి ముజఫర్‌పూర్ ఘటనతో బాగా వెలుగులోకి వచ్చింది. న్యాయాధికారి కింగ్స్‌ఫర్డ్‌ను చంపాలని ఖుదీరామ్ బోస్, ప్రఫుల్ల చాకీ వేసిన బాంబుకు ఏ పాపమూ ఎరుగని ఇద్దరు ఆంగ్ల మహిళలు బలైపోయారు. 1912 డిసెంబరు 23న ఢిల్లీలో వైస్రాయి హార్డింజ్‌పై బాంబు పడింది. 1914 ఆగస్టు 26న కలకత్తాలోని రోడా కంపెనీకి వచ్చిన 50 మౌజర్ పిస్తోళ్లను విప్లవకారులు దారి మళ్లించారు. ప్రభుత్వం ఎంత బెదిరిపోయి ఉన్నదో గుర్తుంచుకుంటేనే ఆ మరుసటి నెలలో జరిగినది అర్థమవుతుంది.

గుర్‌దిత్ సింగ్ అద్దెకు తీసుకున్న కొమగాటా మారు అనే జపాన్ ఓడ, అత్యధికులు పంజాబీ సిక్కులైన 376 మందితో అదే ఏడాది మే 23న కెనడాలోని వాంకూవర్ చేరింది. స్వదేశం నుంచి ఎక్కడా ఆగకుండా నేరుగా వచ్చినవారినే దిగనివ్వాలన్న నిబంధనను చూపి కెనడా వారిలో కొద్దిమందిని మాత్రమే రానిచ్చి, రెండు నెలల తరువాత ఓడను వెనక్కి పంపింది. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. అమెరికా పశ్చిమ తీరాన 1913లో ఏర్పడి, సాయుధ తిరుగుబాటును కోరిన గదర్ పార్టీతో ఈ ప్రయాణికులకు సంబంధముందని భారతదేశంలోని బ్రిటిష్ ప్రభుత్వం అనుమానించింది. విదేశాల నుంచి వచ్చేవారిని నిర్బంధించే అధికారమిచ్చే ఆర్డినెన్స్, అంటే చట్టసభతో నిమిత్తం లేకుండా వైస్రాయి జారీచేసే శాసనం, సెప్టెంబరులోనే సిద్ధమైంది.

సెప్టెంబరు 29న కలకత్తాకు దక్షిణాన హుగ్లీ ఒడ్డునున్న బడ్జ్ బడ్జ్‌లో ఓడ ప్రయాణికులను దింపి, ప్రత్యేక రైలులో పంజాబుకు తరలిస్తామన్నప్పుడు అరవై మంది దాకా ఎక్కారు. మిగిలినవారు గురు గ్రంథ సాహిబ్‌ను మోసుకుంటూ కలకత్తా వైపు నడిచారు. సైన్యం వారిని దారిలో అడ్డగించి వెనక్కి మళ్లించింది. సాయంత్రం చీకటి పడే వేళ స్టేషను దగ్గర తోపులాట జరిగి తుపాకులు పేలాయి. మొదటి గుండు ప్రయాణికులదేనని అధికారిక విచారణ తేల్చగా, గుర్‌దిత్ సింగ్ దానిని అంగీకరించలేదు. దాదాపు 20 మంది ప్రయాణికులు, కొందరు అధికారులు, స్థానికులు మరణించారు. 200 మందికి పైగా జైలుపాలయ్యారు. కొందరి దగ్గర పిస్తోళ్లు ఉన్నమాట నిజమే కావచ్చు; అయినా నెలల తరబడి సముద్రం మీద నలిగి స్వదేశం చేరినవారిని ఖైదీల్లా రైలెక్కించాలన్న పట్టుదలే ఆ రక్తపాతానికి మూలమని చెప్పక తప్పదు.

తప్పించుకున్న గుర్‌దిత్ సింగ్ ఏళ్ల తరబడి అజ్ఞాతంలో గడిపి, 1921లో గాంధీ సలహాపై నన్‌కానా సాహిబ్‌లో లొంగిపోయాడు. ఈలోగా ప్రభుత్వ అనుమానం 1915 నాటి భారత రక్షణ చట్టంగా, 1919 నాటి రౌలట్ చట్టంగా దేశమంతటికీ విస్తరించింది. బడ్జ్ బడ్జ్‌లో మృతుల స్మారకాన్ని 1952లో నెహ్రూ ఆవిష్కరించాడు. 2016 మే 18న కెనడా ప్రధాని ట్రూడో తమ పార్లమెంటులో క్షమాపణ కోరాడు.