చెదపురుగు, మన ఇల్లు

తొలకరి వాన వెలిసిన సాయంకాలము దీపము చుట్టు ఉసిళ్ళు ముసరుట ఎరుగని ఇల్లు తెలుగునాట ఉండదు. ఇంటి పెద్దలెవరో వెంటనే తక్కిన దీపములన్నియు ఆర్పించి, మిగిలిన ఒక్క దీపము క్రింద వెడల్పైన పళ్ళెములో నీళ్ళు పోయించెదరు. అరగంటలో పళ్ళెము నిండును. మరునాటి ఉదయము గుమ్మము వద్ద రాలిన రెక్కలను చీపురుతో ఊడ్చి పారవైచి, ఆ సంగతి అంతటితో ముగిసినదని మన మనుకొందుము. నిజమునకు ముగియలేదు. ఉసిలి అనగా చెదపురుగే. పుట్ట విడిచి, రెక్కలు రాల్చి, జంటగా నేలలో దూరి క్రొత్త సంసారము పెట్టుకొనుటకు బయలుదేరిన చెదపురుగు. ఆ జంటలలో ఏ ఒక్కటి బ్రదికినను మన పునాది ప్రక్కనే కాపురము పెట్టవచ్చును.

ఈ పురుగుతో మన ఇండ్లకు గల వైరము ఎంత పాతదో, దానిని మన పూర్వులు ఏ రీతిగా నడిపిరో, గడచిన నూరేండ్లలో ఆ రీతి ఎట్లు మారినదో నేడు ముచ్చటింపదలచితిమి.

మొదట ఒక అపోహ తీర్చవలెను. ఆంగ్లేయులు దీనిని తెల్లచీమ అనిరి. చెద చీమ కాదు. పైగా చీమయే దీనికి పరమశత్రువు. ఇటీవలి శాస్త్రజ్ఞులు దీని వంశమును శోధించి, ఇది బొద్దింకల కులములోనిదని తేల్చిరి. వంటింటి శత్రువు, గోడలోని శత్రువు ఒకే ఇంటివారన్నమాట! కర్ర, కాగితము, ఆకు, గడ్డి దీని ఆహారము. అయితే దీని మేను మిక్కిలి మెత్తన. గాలి, వెలుతురు తగిలిన ఎండిపోవును. అందుచేత మన ఇండ్లను తిను చెద తడినేలతో సంబంధము తెంచుకొనదు; బయలున నడువదు; నడువవలసివచ్చినప్పుడు తనపై మట్టితో సన్నని గొట్టము కట్టుకొని దాని లోపల నడచును. ఈ ఒక్క బలహీనతను పాఠకులు గుర్తుంచుకొనవలెను. పాత ఇంటి రక్షణ యంతయు దీనిపైననే ఆధారపడినది.

ఈ పురుగును గూర్చి శాస్త్రరీతిని వ్రాసిన తొలివారిలో ఒకడు మన తీరముననే కన్నుమూసెను. ఆయన పేరు యొహాన్ గెర్హార్డ్ కోనిగ్. స్వీడను దేశపు లిన్నేయస్ పండితునికి శిష్యుడు. 1768లో తరంగంబాడిలోని డేనిష్ వారి స్థావరమునకు వైద్యుడుగా వచ్చి, తంజావూరు సీమలో చెదలను పరిశీలించి, 1779లో బెర్లినులో ఒక వ్యాసము ప్రకటించెను. రెండేండ్ల తరువాత హెన్రీ స్మీత్‌మన్ ఆఫ్రికా చెదలను గూర్చి లండను రాయల్ సొసైటీకి సమర్పించిన ప్రసిద్ధ లేఖలో కోనిగ్ మాటలను ఉదాహరించెను. అందొక ముచ్చట యున్నది. ఇక్కడి ప్రజలు పుట్టకు రెండు ప్రక్కల కన్నములు చేసి, గాలి వచ్చు వైపున పొగపెట్టి, అవతలి వైపున కుండ మూతి ఆనించి, రెక్కల పురుగులను పట్టి, పిండిలో కలిపి వండెడివారట. కుండ లోపల కరివేపాకు రాచెడివారట! వేయించిన ఉసిళ్ళ రుచి ఎరిగిన పల్లెలు మనకు నేటికిని కలవు గనుక ఇందులో వింత లేదు. కరివేపాకు శాస్త్రనామములో కోనిగ్ పేరే చేరియుండుట మాత్రము వింతయే. 1785లో ఆయన కాకినాడ చెంతనున్న జగన్నాథపురములో మరణించెను.

ఇంటిలో వైరి యైన ఈ పురుగు పెరటిలో పూజ్యము. నాగులచవితినాడు మనము పాలు పోయు పుట్ట పాము కట్టినది కాదు, చెద కట్టినది. పాముది అందులో అద్దె లేని కాపురము. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో భూగర్భజలము కనుగొను విధము చెప్పుచు, ఏ చెట్టునకు ఏ దిక్కున పుట్ట యున్నచో ఎంత లోతున నీరు పడునో లెక్కలు కట్టెను. పుట్టగొడుగు అను మాట కూడ వట్టి అలంకారము కాదు. పుట్టలు పెట్టు చెదలలో కొన్ని జాతులు లోపల ఒక విధమైన బూజును సాగుచేసి తినును. వానలు పడినప్పుడు ఆ బూజే పుట్టపై గొడుగై లేచును.

ఇక ఇంటి సంగతి. పాత ఇల్లు కట్టిన మేస్త్రికి, వడ్రంగికి ఈ పురుగు స్వభావము పుస్తకము చదువకయే తెలిసియుండెను. కలప ఎంచుటలో మొదటి మాట చేవ. చెట్టు నడిమి ముదురు కర్రకు చేవ యని పేరు. మనిషి సత్తువకు కూడ మనము ఆ మాటనే వాడుచున్నాము. టేకు చేవలో చెదకు గిట్టని పదార్థ మున్నదని నేటి రసాయనశాస్త్రము చెప్పుచున్నది. చేవ చుట్టునుండు లేత తెల్లకర్రకు ఆ గుణము లేదు. కాబట్టి తెలిసిన వడ్రంగి ద్వారబంధము చేయునప్పుడు తెల్లకర్రను పూర్తిగా చెక్కివేసెడివాడు. తెలిసిన యజమాని దగ్గర కూర్చుండి చెక్కించుకొనెడివాడు. టేకు కొనలేనివారికి ఏగిస, వేప, ముదురు తాటిదూలము ఉండనే యుండెను.

రెండవది రాయి. మండువాయింటి స్తంభమును నేలలో పాతరు; రాతి దిమ్మెపై నిలుపుదురు. గడప క్రింద రాయి పరచెదరు. రాయి చెదను ఆపునని కొందరనుకొందురు. ఆపదు. చెద రాతిపైన కూడ మట్టిగొట్టము కట్టుకొని ప్రాకును. అయితే రాతిపై ప్రాకిన గొట్టము కంటబడును; నేలలో పాతిన కర్ర లోపలినుండి ఎక్కిన చెద కంటబడదు. సున్నము వేసిన గోడ చేసిన పనియు అదియే. తెల్లని గోడపై ఎర్రమట్టి గీత గది ఆ మూలనుండి కూడ కానవచ్చును. పాత ఇంటికి రక్షణ చూపులో ఉన్నదని మా అభిప్రాయము.

ఆ చూపునకు ఏటేట తిథులు నిర్ణయమై యుండెను. ఎండలు ముదిరిన వైశాఖములో, వానలకు ముందు, తాటాకు కప్పు మార్చుట, పెంకులు సర్దుట. ఒక్క పెంకు పగిలి కారినచో వాసము తడియును. తడిసిన వాసము చెదకు పిలుపు. సంక్రాంతికి ముందు వెల్లలు. అప్పుడు ఇంటి సామాను సమస్తము వాకిటిలోనికి వచ్చెడిది. మంచము, భోషాణము, కావడిపెట్టె, పీటలు, గోడకు ఆనిన ప్రతి వస్తువును ఏడాదికొకమారైనను గోడను విడిచెడిది. ఇక ఆడువారు మట్టినేలను వారమునకొకటి రెండుసార్లు గోడ మొదలంట పేడతో అలికెడివారు. అలుకుగుడ్డ పోయినచోటికి చేయి పోవును. చేయి పోయినచోటికి కన్ను పోవును. గొట్టము వ్రేలెడు పొడవుండగనే చీపురుకట్టతో దులిపివేయబడెడిది. ఈ శ్రమ చరిత్ర గ్రంథములలో లెక్కకు రాలేదు. అది ఎవరి నడుములు వంచినదో చెప్పక, పాత ఇండ్లు గట్టివని మాత్రమే చెప్పుట మాకు సమ్మతము కాదు.

ఇంటిలో చెదకు కలపకన్న ప్రియమైనది పుస్తకము. తాళపత్రమునకు ఇద్దరు శత్రువులు. గుండ్రని కన్నములు తొలిచి అడుగు వరకు పోవునది పుస్తకపు పురుగు. కట్ట మొత్తమును మట్టి చేయునది చెద. పూర్వులు ఆకులకు నిమ్మగడ్డి నూనె రాచిరి. కట్టలలో వసకొమ్ము పెట్టిరి. వంటింటి పొగ సోకునట్లు అటకపై దాచిరి. తంజావూరు సరస్వతీమహలులో వస, నల్లజీలకర్ర, మిరియాలు, లవంగము, దాల్చినచెక్క, కర్పూరము చేర్చిన మూటలు గ్రంథముల నడుమ ఉంచుట సంప్రదాయము. దసరాలలో సరస్వతీపూజ పేరిట కట్టలన్నియు విప్పి, దులిపి, మరల కట్టుటయు ఇట్టి మరమ్మతే.

అన్నిటికన్న గొప్ప మరమ్మతు మరల వ్రాయుట. పదునొకండవ శతాబ్దిలో నన్నయ భారతము చెప్పెను. ఆయన నాటి ఆకు ఒక్కటియు మనకు లేదు. అయినను భారతము మిగిలినది. ఇంటికి కప్పు మార్చినట్లు, ఎవరో ఒకరు ప్రతి కొన్ని తరములకు దానిని పాత ఆకులనుండి క్రొత్త ఆకులకు దించుచు వచ్చిరి. అట్లు దింపువారు లేని గ్రంథములు ఏ అలజడియు లేకయే పోయినవి. 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఇట్లు పోవుచున్న దశలో తెలుగు గ్రంథములను చూచెను. సొంత సొమ్ము వెచ్చించి, పండితులను పెట్టి, ఒక్కొక్క గ్రంథమునకు పలు ప్రతులు తెప్పించి, పోల్చి, కాగితముపై శుద్ధప్రతులు వ్రాయించెను. వేమన పద్యములను 1829లో అచ్చొత్తించెను. ఆయనకు ప్రతులిచ్చిన ఇండ్లలో అసలు కట్టలు తరువాత ఎన్ని మిగిలినవో ఊహించుకొనవచ్చును.

పందొమ్మిదవ శతాబ్ది నడుమ మన దేశమునకు రైలు వచ్చెను. పట్టాల క్రింది కర్రదిమ్మెలు నేలపైననే పడియుండవలసినవి. వానికి వెల్లవేయుట లేదు, అలుకు లేదు, ప్రతి దిమ్మెను ఎత్తి చూచువారు లేరు. చూపు అందనిచోట విషము అవసరమైనది. 1838లో ఇంగ్లండులో జాన్ బెథెల్ అనునతడు తారునుండి తీసిన క్రియోసోట్ నూనెను ఒత్తిడితో కర్రలోనికి ఎక్కించు పద్ధతికి హక్కు పొందియుండెను. ఆ నూనె రైలుదిమ్మెకు తగును. దాని ఘాటువాసనకు ఇంటిలో ఎవరును నిలువలేరు.

ఇచ్చటనే ఒక తెలుగు పేరు ఎదురగుచున్నది. డెహ్రాడూనులో 1906లో నెలకొల్పబడిన అటవీ పరిశోధనాలయములో పనిచేసిన శొంఠి కామేశముగారు 1933లో ‘ఆస్కు’ అను మందును కనిపెట్టిరి. పాషాణపు ఆమ్లము ఒక పాలు, మైలుతుత్తము మూడు పాళ్ళు, పొటాసియం డైక్రోమేటు నాలుగు పాళ్ళు నీటిలో కలిపినదే ఆ మందు. రాగి బూజును చంపును. పాషాణము పురుగును చంపును. ఈ రెండును అంతకు ముందు తెలిసినవే. అయితే వానకు కొట్టుకొనిపోయెడివి. క్రోమియము వానిని కర్ర పేగులలో అతికించి కదలనీయదు. కామేశముగారి ప్రతిభ అంతయు ఆ మూడవ ద్రవ్యములో ఉన్నది. ఈ మందు ప్రపంచమంతట వ్యాపించెను. అమెరికాలో తీగల స్తంభములకు, పెరటి అరుగులకు, కంచెలకు దశాబ్దముల తరబడి ఇదే. చెదలు తినని కర్ర ప్రపంచమునకిచ్చినవాని పేరు మన ఇండ్లలో వినబడకపోవుట విచారకరము. పిల్లలు ఆడుకొను చోట కర్రనుండి పాషాణము వెలువడుచున్నదను భయముచేత, 2003 సంవత్సరాంతముతో అక్కడ గృహావసరములకు ఈ కర్రను తయారుచేయుట మానిరి. స్తంభములకు మాత్రము వాడుక సాగుచునేయున్నది.

ఇండ్లలోనికి విషము మరియొక త్రోవను వచ్చినది. డి.డి.టి. పురుగులను చంపునని పాల్ ముల్లర్ 1939లో కనుగొని, 1948లో నోబెల్ బహుమానము పొందెను. మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897లో సికిందరాబాదులో దోమ కడుపున చూచిన దేశములో, 1953 నుండి ఆ మందు గోడగోడకు పిచికారి చేయబడినది. దాని వలన నిలిచిన ప్రాణములు అసంఖ్యాకములు. ఆ నమ్మకముతోనే దాని దాయాదులైన ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్ చెదల కొరకు మన పునాదులలోనికి దిగినవి. పునాది మట్టికి మందు పట్టించు విధమును గూర్చి 1971లో భారత ప్రమాణము వెలువడెను. ఆ మందులు మట్టిలో ఏండ్ల తరబడి విరుగకుండుటయే వాని సుగుణము. నీటిలోను, జీవుల కొవ్వులోను అట్లే విరుగకుండుటయే వాని దోషము. 1996లో మన ప్రభుత్వము ఆల్డ్రినును నిషేధించెను. 2001 నాటి స్టాక్‌హోము ఒడంబడికలో ఈ మూడును చేరినవి. తరువాత వచ్చిన మందులకు అంతటి ఆయుస్సు లేదు.

మా నాయనగారు 1986లో పట్టణములో ఇల్లు కట్టించిరి. పునాదికి మందు కొట్టినవారు పదేండ్లకు పూచీ వ్రాసి యిచ్చిరి. ఆ కాగితమును నాయనగారు భద్రముగా దాచిరి. నేల మొజాయిక్, అలుకు పోయినది. గోడకు రంగు, ఏటేటి వెల్ల పోయినది. అలమరలు గోడలోనే అమర్చబడినవి; కదల్చుటకు వీలు లేదు. పల్లెలోని ఇల్లు అమ్మినప్పుడు తాతగారి తాళపత్రపు కట్టను తెచ్చి, అట్టి ఒక అలమర పై అరలో పెట్టితిమి. నాయనమ్మ ఉన్నన్ని నాళ్ళు ప్రతి దసరాకు దానిని దించుమని అడిగెడిది. ఆమె పోయిన తరువాత అడిగినవారు లేరు. పూచీ గడువు తీరినదని గమనించినవారును లేరు.

2009లో రేడియోకు ఒక ప్రసంగము సిద్ధము చేయుచు ఆ కట్ట కొరకు అలమర తెరచితిమి. పై చెక్క చూపునకు చెక్కుచెదరలేదు. వ్రేలితో తాకగనే కాగితమువలె లోనికి కుంగెను. వెనుక గోడనుండి బొటనవ్రేలంత లావున మట్టిగొట్టము తిన్నగా కట్ట లోనికి వచ్చియున్నది. అది ఎన్నేండ్లనాటిదో మేము చెప్పజాలము. అందు ఏమి గ్రంథముండెనో తాతగారు చెప్పగా విన్నదే గాని, మేము చదివినది లేదు, చదువవచ్చునులే అనుకొంటిమి.

మట్టి దులుపగా పందొమ్మిది ఆకులు తేలినవి. వానిలో ఒకటి గ్రంథము కాదు, ఇంటి పద్దు. ఏ తరమువారిదో తెలియదు. సున్నము, పెంకులు, ఏగిస దూలము ఒకటి, వడ్రంగి కూలి అని వరుసగా వ్రాసియున్నది. కూలి ఎంత యిచ్చిరో వ్రాసినచోట మాత్రము ఆకు లేదు.