అర సెంటు రైలు

మా తెనాలి వైపు సెంటు అంటే నేల కొలత, ఎకరంలో నూరో వంతు. అర సెంటు గట్టు దగ్గర అన్నదమ్ములు ఏళ్ల తరబడి మాటలు మానేసిన ఇళ్లు నాకు తెలుసు. 2006లో ఉద్యోగానికి అమెరికాలో నార్త్ కరొలినా రాష్ట్రంలోని షార్లెట్ వచ్చి సౌత్ బౌలెవార్డ్ పక్కన అపార్ట్‌మెంట్‌లో దిగిన మొదటి వారంలోనే మరో అర సెంటు గురించి విన్నాను. పరుపు, రెండు కుర్చీలు కొన్న షాపులో బిల్లు కింద పన్ను చూసి ఇదేమిటని అడిగాను. కౌంటర్‌లో ఉన్న పెద్దావిడ ఓపిగ్గా లెక్క చెప్పింది. డాలరు సరుకు మీద రాష్ట్రానికి ఇంత, కౌంటీకి ఇంత, చివరి అర సెంటు మాత్రం బస్సులకీ ఆ రైలుకీ అంటూ కిటికీ బయటికి చూపించింది. బయట రైలేమీ లేదు. కంకర గుట్టలు, కాంక్రీటు దిమ్మెలు, తీగలు లేని స్తంభాలు ఉన్నాయి. ఆవిడ మాత్రం రైలు వచ్చేసినట్టే చెప్పింది.

ఈ ఊరి రైలు గురించి ఇన్నేళ్లలో నేను తెలుసుకున్నదంతా ఆ అర సెంటు చుట్టూనే తిరుగుతుంది. వాషింగ్టన్ గ్రాంటు ఇచ్చింది, రైలు వచ్చింది అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. జరిగిన వరస అది కాదు. ముందు ఊరు తన జేబులో చెయ్యి పెట్టింది. వాషింగ్టన్ కదిలింది ఆ తర్వాతే.

షార్లెట్‌కి పట్టాలు కొత్తేమీ కాదు. 1852లో సౌత్ కరొలినా వైపు నుంచి మొదటి రైలుబండి వచ్చాక ఇక్కడ పత్తి వ్యాపారం ఊపందుకుంది. 1887లో వీధుల్లో గుర్రాలు లాగే ట్రాలీలు తిరిగాయి. 1891 మేలో ఎడ్వర్డ్ డిల్‌వర్త్ లట్టా అనే వ్యాపారి కరెంటు ట్రాలీ వేయించాడు. ఊరి బయట కొన్న పొలాలను ప్లాట్లు చేసి అమ్మడం ఆయన పని. అంత దూరం జనం రావాలంటే బండి కావాలి. అలా పుట్టిన పేట ఇప్పటికీ ఆయన పేరుతోనే, డిల్‌వర్త్ అనే ఉంది. ఇవాళ స్టేషన్ల చుట్టూ ఆరంతస్తుల అపార్ట్‌మెంట్లు లేస్తుంటే విసుక్కునేవాళ్లకి ఈ సంగతి చెబుతుంటాను: ఇక్కడ పట్టాలూ ప్లాట్లూ మొదటి నుంచీ కలిసే నడిచాయి.

ఆ ట్రాలీల చరిత్రంతా ముచ్చటైనదేమీ కాదు. 1907 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం నల్లజాతివారికి వేరే సీట్లు. 1919 ఆగస్టులో డ్రైవర్లు, కండక్టర్లు సమ్మె చేస్తే సౌత్ బౌలెవార్డ్ మీది షెడ్డు దగ్గర కాల్పులు జరిగి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత కార్లు పెరిగాయి, ట్రాలీ కంపెనీ బస్సుల వైపు మొగ్గింది. 1938 మార్చి 14న 85వ నంబరు ట్రాలీ ఆఖరిసారి తిరిగింది. దాంతో ఊళ్లో ట్రాలీ కథ ముగిసింది.

ఆ 85వ నంబరు బండి మాత్రం పోలేదు. 1980ల చివర్లో, ఉత్తరాన ఉన్న హంటర్స్‌విల్‌లో ఒకచోట దొరికింది. చక్రాలు లేవు. జనం కాపురం ఉండే ఇల్లుగా మారిపోయింది. ఇక్కడి యూనివర్సిటీలో చరిత్ర చెప్పే డాన్ మోరిల్, ఊరి చారిత్రక కట్టడాల కమిషన్ వాళ్లు దాన్ని కొని తెచ్చారు. ఇత్తడి పిడులు, చెక్క బెంచీలు, ఒక్కొక్కటే బాగుచేశారు. 1996లో పాత నూలు మిల్లు ఏథర్టన్ దగ్గర నుంచి అది మళ్లీ పట్టాల మీద కదిలింది. ఇక్కడికి వచ్చాక ఆ ట్రాలీని కళ్లారా చూశాను. జనం పిల్లల్ని ఎత్తుకుని నిలబడి చూసేవారు. లెక్కలూ నివేదికలూ చదివి ఈ ఊరు రైలు వైపు మళ్లిందనుకుంటే పొరపాటు. సగం పని ఆ ముసలి బండి చేసింది.

మిగతా సగం 1998 నవంబరులో జరిగింది. షార్లెట్ ఉన్న మెక్లెన్‌బర్గ్ కౌంటీ ఓటర్లలో రవాణా కోసం అమ్మకం పన్ను అర సెంటు పెంచుకోవడానికి నూటికి 58 మంది సరేనన్నారు. దాన్ని ముందుండి నడిపిన మేయర్ పాట్ మెక్‌రోరీ రిపబ్లికన్. పన్ను అంటే గిట్టని పార్టీ మనిషి పన్ను కోసం ఊరంతా తిరిగాడు. ఆయన తర్వాతి రాజకీయాలు నాకు నచ్చలేదు గానీ ఈ పనికి ఆయనకు దండం పెట్టాలి.

అర సెంటు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే గ్రాంటు ఎలా ఇస్తారో తెలియాలి. ఫెడరల్ రవాణా సంస్థకు 'న్యూ స్టార్ట్స్' అనే పద్దు ఉంది. దేశంలో పట్టాలు వేయాలనుకునే ఊళ్లన్నీ అక్కడ వరసలో నిలబడతాయి. ఎంతమంది ఎక్కుతారు, ఒక్కో ప్రయాణానికి ఖర్చెంత, పట్టాల పక్కన ఊరు ఎలా పెరుగుతుంది, అన్నీ చూసి రేటింగు ఇస్తారు. ఆ రేటింగులో పెద్ద ప్రశ్న ఒకటి: మీ వాటా డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? వచ్చే ఏడాది చూస్తామంటే కుదరదు. రైలు నడిచినన్నాళ్లూ నడపడానికి డబ్బుందని చూపించాలి. అర సెంటు పన్ను ఉన్న ఊరు కాగితం మీద ఆ జవాబు రాయగలదు. లేని ఊరు వరస చివరికి పోతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. ఒప్పందం మీద సంతకం అయ్యాక ఫెడరల్ వాటా అక్కడితో సరి. ఆపైన ఖర్చు పెరిగితే మోయాల్సింది ఊరే.

పెరిగింది కూడా. ఊరి నడిబొడ్డైన అప్‌టౌన్ నుంచి దక్షిణానికి 9.6 మైళ్ల మొదటి బ్లూ లైన్‌కి తొలి అంచనా 23 కోట్ల డాలర్ల లోపు. పూర్తయ్యేసరికి 46 కోట్లు దాటింది. అందులో ఫెడరల్ గ్రాంటు సుమారు 19.3 కోట్లు. ఆ తేడాను పట్టుకుని, రైలు పూర్తికాకముందే, పన్ను రద్దు చేయాలని సంతకాలు పోగుచేసి 2007 నవంబరులో ఓటుకు పెట్టించారు. అప్పుడు నాది హెచ్‌-1బి వీసా. ఓటు లేదు. కొన్న ప్రతి చొక్కా మీదా అర సెంటు మాత్రం కట్టాను. ఆ రాత్రి టీవీ ముందు, ఓటున్నవాడిలాగే కూర్చున్నాను. నూటికి 70 మంది పన్ను ఉంచాలన్నారు. మూడు వారాలైనా తిరక్కముందే, నవంబరు 24న రైలు మొదలైంది. ఆ రోజు ప్రయాణం ఉచితం. చలిలో పిల్లాణ్ణి దుప్పట్లో చుట్టుకుని వరసలో నిలబడ్డాం.

ఉత్తరం వైపు పొడిగింపు కథ నాకు ఇంకా దగ్గరిది, ఎందుకంటే అప్పటికి మేం ఇల్లు కొనుక్కుని యూనివర్సిటీ వైపు వచ్చేశాం. మొదటి ప్లానులో లైను ఊరి చుట్టూ తిరిగే ఐ-485 రోడ్డు దాకా రావాలి. 2008 మాంద్యంలో జనం కొనడం తగ్గించారు. కొనడం తగ్గితే అర సెంటు వసూలూ తగ్గింది. వాటా చూపించలేకపోతే గ్రాంటే చేజారుతుంది. 2011లో మైలుకు పైగా కోసేసి లైనును యూనివర్సిటీ క్యాంపస్‌లోనే ఆపేశారు. 2012 అక్టోబరులో ఫెడరల్ రవాణా మంత్రి రే లహుడ్ ఒప్పందం మీద సంతకం చేశారు. మొత్తం 116 కోట్ల డాలర్లు. అందులో ఫెడరల్ గ్రాంటు 58 కోట్లు, సరిగ్గా సగం. రాష్ట్రం 29.9 కోట్లు, మిగతా 28.1 కోట్లు ఊరివి. అప్పటి మేయర్ ఆంటొనీ ఫాక్స్ మరుసటి ఏడాది ఒబామా ప్రభుత్వంలో అదే రవాణా శాఖకు మంత్రి అయ్యారు. 2018 మార్చి 16న 11 స్టేషన్లతో పొడిగింపు తెరుచుకుంది. ఇప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 19 మైళ్లు, 26 స్టేషన్లు.

సాయంత్రం ఐదింటికి క్యాంపస్ స్టేషన్‌కి వెళ్లి చూడండి. పాంటోగ్రాఫ్ తీగని రాసుకుంటూ సన్నగా గీపెట్టి బండి ఆగుతుంది. మన పిల్లలు దిగుతారు. గుంటూరు, కరీంనగర్, అనంతపురం, మాట వింటేనే ఊరు పట్టేయొచ్చు. ఒకడు భుజాన పది కిలోల సోనామసూరి సంచి, చేతిలో కరివేపాకు కట్ట పెట్టుకుని దిగాడు ఓసారి. కారు లేదా నాన్నా అంటే, "కారెందుకంకుల్, స్టూడెంట్ కార్డు చూపిస్తే చాలు" అన్నాడు. మా రోజుల్లో ఈ ఊళ్లో కారు లేనివాడు వారానికోసారి స్నేహితుణ్ణి బతిమాలి కూరగాయలకు వెళ్లేవాడు. ఆ అవస్థ పడ్డవాడిగా చెబుతున్నాను, 116 కోట్లలో నాకు కనపడే ఫలితం ఆ బియ్యం సంచి.

అయితే ఫెడరల్ డబ్బు ఈ ఊరికి ప్రతిసారీ మేలే చేసిందని కాదు. అప్‌టౌన్ పక్కన బ్రూక్లిన్ అనే నల్లజాతి పేట ఉండేది. చర్చిలు, బడి, సినిమా హాలు, వ్యాపారాలు అన్నీ ఉన్న పేట. 1960లలో పట్టణ పునరుద్ధరణ పేరుతో ఫెడరల్ సొమ్ముతోనే దాన్ని నేలమట్టం చేశారు. దాదాపు వెయ్యి కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. అదే కాలంలో ఇంటర్‌స్టేట్ రోడ్లకు నూటికి 90 వంతులు వాషింగ్టనే ఇచ్చేది. రోడ్డుకి తొంభై, రైలుకి యాభై. ఈ తేడా గురించి ఎవరూ మాట్లాడరు. రైలు దండగ అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది.

ఆ పాత అన్యాయానికి కొంతైనా పరిహారంగా పశ్చిమానికీ తూర్పుకీ వెళ్లాల్సింది గోల్డ్ లైన్. 2015లో తెరిచిన మొదటి మైలున్నరకు 2.5 కోట్ల ఫెడరల్ గ్రాంటు వచ్చింది. 2021 ఆగస్టులో తెరిచిన రెండో భాగానికి 15 కోట్లయితే సగం ఫెడరల్. అది పశ్చిమాన జాన్సన్ సి. స్మిత్ యూనివర్సిటీ దాటి కాస్త దూరం పోయి ఆగిపోయింది. తూర్పున ఈస్ట్‌లాండ్ దాకా వస్తుందని మాటిచ్చారు. ఆ మాట నమ్ముకుని ఎదురుచూసిన ఈస్ట్‌లాండ్ మాల్ 2010లో మూతపడింది, తర్వాత కూల్చేశారు. పట్టాలు మాత్రం ఇంకా రాలేదు.

ఇంతలో, 2025 ఆగస్టు 22 రాత్రి, యుద్ధం నుంచి తప్పించుకుని ఉక్రెయిన్ నుంచి వచ్చిన 23 ఏళ్ల అమ్మాయి పనినుంచి ఇంటికెళ్తూ ఇదే బ్లూ లైన్‌లో కత్తిపోట్లకు బలైంది. ఆ వారం మా అమ్మాయిని రైలెక్కవద్దన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు బాధే. రైలు భద్రంగా ఉండాలంటే మనుషులు దాన్ని వదిలిపెట్టకూడదు, నిండుగా ఉండాలి. కాపలాకీ డబ్బు కావాలి.

ఇది జరిగిన రెండున్నర నెలలకు, నవంబరు 4న, కొత్తగా ఒక సెంటు పన్ను ఓటుకు వచ్చింది. వచ్చే డబ్బులో రోడ్లకు 40 వంతులు, రైలుకు 40, బస్సులకు 20. ఈసారి నాకు ఓటుంది. ఇంటిదగ్గర బడిలో వరసలో నిలబడి వేశాను. నూటికి 52 మంది ఔనన్నారు. 1998లో 58, 2007లో 70, 2025లో 52. ఊరు ఇంకా నమ్ముతోంది గానీ అంత గట్టిగా కాదు.

ఈ డబ్బుతో ఊరు మళ్లీ వాషింగ్టన్ వరసలో నిలబడుతుంది. విమానాశ్రయం వైపు సిల్వర్ లైన్, ఉత్తరాన రెడ్ లైన్, దక్షిణాన పైన్‌విల్, బాలంటైన్ వైపు బ్లూ లైన్ ఆ ప్రణాళికలో ఉన్నాయి. రెడ్ లైన్ పట్టాలను ఊరు 2024లోనే రైల్వే కంపెనీ నుంచి కొనడానికి ఒప్పుకుంది. తూర్పున మాథ్యూస్‌కి మాత్రం లైట్ రైల్ తీసేసి బస్సు అన్నారు. 2011లో కోసేసిన ఉత్తరపు మైలు మాటే వినపడటం లేదు. ఐ-485 దగ్గర కార్లు ఆపుకుని రైలెక్కాల్సినవాళ్లు ఇవాళ్టికీ ట్రయాన్ స్ట్రీట్ మీద కారులోనే ఇరుక్కుంటున్నారు.

మన తెలుగువాళ్లతో ఒక మాట. మాలార్డ్ క్రీక్‌లో, కాంకర్డ్‌లో, బాలంటైన్‌లో మనం వేలల్లో ఉన్నాం. ఉగాదికి హాలు నింపుతాం, రవాణా సమావేశానికి మాత్రం ఒక్కరమైనా వెళ్లం. 2025 ఓటుతో 27 మంది సభ్యుల కొత్త రవాణా అథారిటీకి దారి పడింది. దాని బహిరంగ సమావేశాల్లో పేరు రాయించుకుని మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. పన్ను కడుతున్నాం, అది చాలు. మన ఉత్తరపు మైలు అడగండి. దానికంటే ముందు, ఎంతోకాలంగా కాచుకుని ఉన్న ఈస్ట్‌లాండ్ వాళ్ల పట్టాలు అడగండి.